సర్పముల శీతకాల విశ్రాంతి – సంతానోత్పత్తి

(తల్లిదండ్రులకు ఒక ప్రకృతిశాస్త్ర పాఠము)

ఈ మధ్య పై తరగతుల బాలురు కొందరు, విదేశీయులు పాములను పెంచు విధమును సెల్‌ఫోనులలో చూచి, "సార్, చలికాలములో పామును పెట్టెలో పెట్టి నిద్రపుచ్చుదురట, నిజమేనా? మనము కూడ అట్లు పెంచవచ్చునా?" అని అడుగుచున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు "నిజమే" అని. రెండవ ప్రశ్నకు జవాబు "కూడదు" అని. ఈ రెండు జవాబుల నడుమ నేర్చుకొనదగిన శాస్త్రము చాల కలదు. పిల్లలు ఇవే ప్రశ్నలను ఇంటియొద్ద మిమ్ములను కూడ అడుగుదురు. "ఛీ, పాము మాటలేల?" అని కసరుటకంటె కారణము తెలిపి చెప్పుట మేలు గనుక ఈ పాఠమును వ్రాయుచున్నాను.

1. చలికి పాము ఏమగును?

మన శరీరపు వేడి ఎండలోనైనను చలిలోనైనను ఇంచుమించు 37 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిలుచును. ఆ వేడిని నిలుపుటకే మనము తిను అన్నములో పెద్ద భాగము ఖర్చగును. పాము అట్లు కాదు. దానికి లోపల పొయ్యి లేదు. నేల ఎంత వేడిగా నున్న అదియు అంత వేడిగా నుండును. నేల చల్లబడిన అదియు చల్లబడును. అందుచేత దానికి ఆహారపు అవసరము మిక్కిలి తక్కువ. వారమున కొక ఎలుక దొరికిన చాలును. పెద్ద కొండచిలువ నెలల తరబడి ఏమియు తినకయే యుండగలదు.

ఈ మితవ్యయములో ఒక చిక్కు కలదు. చలి ముదిరినప్పుడు పాము కండరములు మందగించును, గుండె నెమ్మదించును, జీర్ణశక్తి ఇంచుమించు ఆగిపోవును. అట్టి స్థితిలో అది వేటాడజాలదు, శత్రువునుండి తప్పించుకొనజాలదు. కావున మంచు కురియు దేశములలో చలికి ముందే లోతైన బొరియలోనో రాతి చీలికలోనో చేరి, వసంతము వరకు కదలక మెదలక పడియుండును.

దీనిని కొందరు ఎలుగుబంటి, ఉడుతల నిద్రవంటిదే యని తలతురు. పోలిక కలదు గాని భేదమును కలదు. ఆ జంతువులు ముందుగా క్రొవ్వు కూడబెట్టుకొని, దానిని కరిగించుకొనుచు గాఢముగా నిద్రించును. పాము స్తబ్ధముగా నుండును గాని పూర్తిగా నిద్రపోదు. నడుమ ఒక దినము కొంచెము వెచ్చగా నున్నచో కదలును, నీరు త్రాగును, మరల ముడుచుకొనును. ఈ భేదమును గుర్తించి విల్బర్ మేహ్యూ అను శాస్త్రజ్ఞుడు 1965లో సరీసృపముల చలికాలపు స్థితికి "బ్రూమేషన్" అను వేరు పేరు పెట్టెను. మనము దీనిని శీతస్తబ్ధత యందము.

2. పెట్టెలో కల్పించిన శీతకాలము

అమెరికా, ఐరోపా దేశములలో పెంపుడు పాములను ఇండ్లలో ఉంచుకొనువారు చాలమంది కలరు. వారిలో చాలమంది పెంచునది కార్న్ స్నేక్ అను విషములేని పాము. ఇది అమెరికా ఆగ్నేయ భాగమునకు చెందినది. మొక్కజొన్న గాదెల చుట్టును ఎలుకలకై తిరుగును. దీనికి సంతానము కావలెనన్నచో పెంచువారు చలికాలమును తామే కల్పింతురు. ఆ విధానము క్రమముగా ఇట్లుండును.

మొదటిది, పామును పరీక్షించుట. బాగుగా కండపట్టి, రోగము లేక, తగిన వయసు వచ్చిన పామునే ఎన్నుదురు. ఆడపాము మూడేండ్లదగుట మంచిదందురు. చిక్కినదానిని, దగ్గు, చీమిడి గలదానిని, ఆ సంవత్సరము పుట్టిన పిల్లను చలికి గురిచేయరాదు. బలహీనమైన పాము చలినుండి లేవకపోవచ్చును.

రెండవది, పొట్టను ఖాళీచేయుట. ఇది అన్నిటికంటె ముఖ్యము. చలి పెట్టుటకు రెండు మూడు వారములు ముందుగా ఆహారము మానిపింతురు. గది వేడిని మాత్రము తగ్గింపరు. లోపలనున్న ఎలుక పూర్తిగా జీర్ణమై, మలము వెలువడవలెను. అట్లు కాక పొట్టలో మేత ఉండగానే చలి తగిలినచో అది జీర్ణము కాదు, కుళ్లును. ఆ కుళ్లు పాము ప్రాణము తీయును. తెలియనివారు మేపి మేపి చలిలో పెట్టి పాములను చంపుకొనుట ఇందువలననే.

మూడవది, వేడిని మెల్లగా దించుట. 28 డిగ్రీలనుండి ఒక్క రాత్రిలో 12 డిగ్రీలకు దింపరాదు. రెండు మూడు వారములలో కొంచెము కొంచెముగా దింపుచు, వెలుతురును కూడ తగ్గింతురు. చివరకు 10 మొదలు 15 డిగ్రీల నడుమ, చీకటి గదిలో, తలుపు గట్టిగా పడు పెట్టెలో ఉంతురు. అడుగున పొడి ఆకులో కాగితపు ముక్కలో పరతురు. త్రాగుటకు నీరు మాత్రము ఎల్లప్పుడు ఉండవలెను.

నాల్గవది, కనిపెట్టియుండుట. ఎనిమిది మొదలు పన్నెండు వారముల వరకు ఆ పామును ఊరక వదలుదురు, కాని మరచిపోరు. వారమునకో పదిదినములకో ఒకసారి నీరు మార్చి, తూచి చూతురు. మంచి పాము ఈ కాలములో కొలదిగానే తగ్గును. బరువు త్వరగా పడిపోయినను, నోటినుండి చీమిడి కారినను వెంటనే వెచ్చని చోటికి మార్చి పశువైద్యునికి చూపుదురు.

కొండచిలువ వంటి ఉష్ణదేశపు పాములకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి రాత్రివేళ మాత్రము నాలుగైదు డిగ్రీలు తగ్గించిన చాలును. 12 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉంచినచో ఊపిరితిత్తులు చెడి చచ్చును. ఏ పాముకు దాని దేశపు చలికాలమే తగినది.

3. మేల్కొలుపు, జత, గ్రుడ్లు

చలికి, సంతానమునకు సంబంధమేమి? చలి దేశపు పాములలో పెక్కింటికి చలి పోయి వేడి వచ్చుటయే "ఋతువు వచ్చినది" అను సంకేతము. ఆ మార్పుతో శరీరములో హార్మోనులు మారును. ఆడ, మగ పాములు రెండును ఒకే కాలమున సిద్ధమగును. చలి లేకయే జతకట్టు జాతులు కూడ కొన్ని కలవు గాని, చాల జాతులలో విశ్రాంతి లేని సంవత్సరమున జత కుదరదు. లేదా గ్రుడ్లు గొడ్డుపోవును.

ఈ సంగతి మన ఊరివారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. రాజపాళయపు తెల్లని వేటకుక్క దేశమంతట పేరుపొందినది. 2005లో తపాలా శాఖవారు దాని బొమ్మతో బిళ్లను వెలువరించిరి. ఈతకు ఈతకు నడుమ తల్లికి విశ్రాంతి ఇయ్యనిచో పిల్లలు నాసిరకమగునని కుక్కలను పెంచు మన పెద్దలు ఎరుగుదురు. పాముకు ఆ విశ్రాంతిని చలికాలము ఇచ్చును.

వసంతమున వేడిని మరల మెల్లగా పెంచుదురు. మొదట నీరు, కొన్నిదినముల తరువాత చిన్న మేత. పెద్ద ఎలుకను ఒక్కసారిగా పెట్టినచో కక్కివేయును. ఒకటి రెండు మేతల తరువాత పాము కుబుసము విడుచును. అది మొదలు ఆడపామును మగపాముతో చేర్తురు. జతకట్టిన నెల, నెలన్నరకు ఆడపాము మరల ఒక కుబుసము విడిచి, ఆపై ఎనిమిది పది దినములకు తడినాచు నింపిన డబ్బాలో పది మొదలు ఇరువది గ్రుడ్లు పెట్టును.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. పొదుగు కోడి తన గ్రుడ్లను ముక్కుతో దొర్లించుచుండును. పాము గ్రుడ్డును దొర్లింపరాదు. పెట్టిన కొలదికాలములోనే లోపలి పిండము పైభాగమున అంటుకొనును; తలక్రిందులు చేసినచో చచ్చును. అందుచేత పెంచువారు పైభాగమున పెన్సిలుతో గుర్తు పెట్టి, అదే తీరున తీసి, 28 డిగ్రీల పరిసరమున తడి ఆరని పెట్టెలో ఉంతురు. ఇంచుమించు రెండు నెలలకు పిల్లలు మెత్తని పెంకును చీల్చుకొని వచ్చును. వారము పదిదినములకు తొలి కుబుసము విడిచిన తరువాతనే అవి మేత ముట్టును.

4. ప్రకృతి స్వయముగా చేయు ఏర్పాటు

మనిషి పెట్టెలో చేయు ఈ పనినంతటిని ప్రకృతి ఎవరి సాయము లేకయే చేయుచున్నది. కెనడాలో మానిటోబా రాష్ట్రమున నార్సిస్ అనుచోట సున్నపురాతి గుంటలు కలవు. గార్టర్ పాములు వేలకు వేలుగా ఆ గుంటలలో మంచుకు అందని లోతున చలికాలము గడుపును. ఏప్రిల్ చివర, మే నెలలో అవి ఒక్కసారిగా వెలుపలికి వచ్చి, ఒక ఆడపాము చుట్టును పదుల కొలది మగపాములు ఉండచుట్టుకొని జతకై పెనుగులాడును. ఆ దృశ్యమును చూచుటకు జనము దూరదేశములనుండి పోవుదురు.

మన దేశమున రాజస్థానములోని భరత్‌పూర్ పక్షిశరణాలయమున కొండచిలువలు చలికాలమున ముళ్లపంది బొరియలలో తలదాచుకొని, ఎండ వచ్చినప్పుడు బొరియ నోటివద్ద చాగి వెచ్చబడును. ఆ జాతిలో తల్లి చేయు పని ఆశ్చర్యకరమైనది. గ్రుడ్లచుట్టు చుట్టగా చుట్టుకొని, ఒడలి కండరములను వణికించి వేడి పుట్టించి, ఆ గ్రుడ్లను పొదుగును. లోపల పొయ్యి లేని జంతువు పిల్లలకొరకు పొయ్యి రాజేయుచున్నది!

5. మన ఊరి పాముల సంవత్సరము

ఇక మన ఊరి సంగతి. రాజపాళయమునకు పడమట కనుమలు. వాటి అడవులు 2021లో శ్రీవిల్లిపుత్తూరు – మేఘమలై పులుల శరణాలయములో చేరినవి. ఆ అడవికి, ఊరికి నడుమ మామిడితోటలు, కొబ్బరితోటలు, వరిపొలములు. ఎలుక ఉన్నచోట పాము ఉండును గనుక ఈ నడిమి నేల పాముల నెలవు.

ఇక్కడ మంచు లేదు. మార్గళి, తై మాసముల రాత్రులయందును చలి 20 డిగ్రీలకు మిక్కిలి క్రిందికి దిగదు. కావున మన పాములకు నిజమైన శీతస్తబ్ధత లేదు. కొంత మందగింపు మాత్రము కలదు. చల్లని రాత్రులలో తక్కువగా తిరిగి, ఉదయమున గట్లమీద, రాళ్లమీద, ఎండ తగులు గోడలమీద వెచ్చబడును. ఈ చల్లదనము చివర, సుమారుగా జనవరి మొదలు మార్చి వరకు, నాగుపాములు జతకట్టును. వేసవిలో పుట్టలలో, ఎలుక బొరియలలో గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు రెండు నెలలకు పిల్లలు వెలువడును. చెదలు కట్టిన పుట్ట లోపల వేడియు తేమయు అంతగా మారవు. విదేశీయులు థర్మామీటరు పెట్టి నడుపు పెట్టెకు మన పుట్టయే సాటి.

రక్తపింజరి తీరు వేరు. అది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. ఒక్క కాన్పున ఇరువది, నలువది పిల్లలు కూడ పుట్టవచ్చును. వేసవి చివర, వానల మొదట ఈ పిల్లలు తోటలలో ఎండుటాకుల నడుమ కనబడును. నాగుపాము పిల్లకైనను, రక్తపింజరి పిల్లకైనను పుట్టిననాడే విషము కలదు. "చిన్నదే గదా" యని చేతితో ముట్టరాదు.

ఇంటిలో తెలుగు మాటాడు మన పిల్లలు వీధిలో తమిళము మాటాడుదురు. తోటలో పనిచేయువారు తమిళ నామముతో హెచ్చరించినప్పుడు పిల్లలకు వెంటనే అర్థము కావలెను. కావున ఈ పేర్లను రెండు భాషలలోను నేర్పుడు: నాగుపాము – నల్లపాంబు, కట్లపాము – కట్టువిరియన్, రక్తపింజరి – కణ్ణాడివిరియన్, చిన్నపింజరి – సురుట్టైవిరియన్, జెర్రిపోతు – సారైపాంబు. మొదటి నాలుగు ప్రాణాంతకమైనవి. చివరిది విషములేనిది, ఎలుకలను తిని రైతుకు మేలు చేయునది.

6. రెండు అపోహలు

జెర్రిపోతు మగదనియు, నాగుపాము ఆడదనియు, అవి రెండును జతకట్టుననియు మనవారిలోను తమిళులలోను ఒక నమ్మకము కలదు. ఇది నిజము కాదు. అవి వేరు వేరు జాతులు, జెర్రిపోతులలోనే ఆడ, మగ కలవు, నాగుపాములలోను అంతే. రెండు పాములు సగము లేచి పెనవేసుకొని ఆడుట చూచి జనము "జత" అందురు. పెక్కుమారులు అది జత కాదు, రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. ఆడపాముకొరకు ఒకదాని తలను ఒకటి నేలకు వంచుటకు యత్నించును. ఓడినది తొలగిపోవును, కాటు ఉండదు. అట్టి సమయమున వాటిమీద గుడ్డ వేయుట, రాళ్లు రువ్వుట పనికిరాదు.

రెండవది పాల సంగతి. తెలుగువారు కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోయుదురు. భక్తిని నేను కాదనను. కాని పాము పాలు త్రాగు జంతువు కాదు. పాలు దానికి అరగవు. పాములవాని బుట్టలోని పాము పాలు త్రాగినట్లు కనబడినచో దానికి కారణము చాలదినములు నీరు పెట్టక ఎండగట్టుటయే. కావున పాములవానికి డబ్బిచ్చి ఆ హింసను పెంచరాదు. పుట్టను త్రవ్వక, పొగబెట్టక, నోరు మూయక కాపాడుటయే నాగులకు నిజమైన పూజ.

7. చట్టము, సేవ

మన దేశపు పాములను పట్టుట, ఇంట ఉంచుకొనుట, చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశీ జాతులను ఉంచుకొనువారు కూడ 2024 నాటి నియమముల ప్రకారము ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. కనుక మన ఇండ్లలో పామును పెట్టెలో నిద్రపుచ్చు పని లేదు.

పాములను దగ్గరగా చూడగోరు పిల్లలను చెన్నై గిండీలోని సర్పోద్యానమునకు తీసికొనిపొండు. పాములతో జీవించు విద్యను చూడగోరినచో మహాబలిపురము దాపున వడనెమ్మేలిలో ఇరుళుల సహకార సంఘము కలదు. 1978లో నెలకొన్న ఈ సంఘమువారు ప్రభుత్వపు అనుమతితో పాములను పట్టి, కొలదివారములుంచి విషము తీసి, మరల అడవిలో విడుతురు. ఆ విషమునుండియే మందు తయారగును. ఆ సంఘమునకు చెందిన మాసి సడైయన్, వడివేల్ గోపాల్ గారలకు 2023లో పద్మశ్రీ లభించినది. బడిచదువు లేని ఆ పెద్దల విద్యకు దేశము చేసిన గౌరవమది.

8. మన సిద్ధపాటు

విదేశమున పెంచువాడు చలికి పామును సిద్ధపరచును. మన ఊరిలో సిద్ధపడవలసినవారము మనమే. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన ఇంచుమించు 12 లక్షలమంది, అనగా ఏటికి 58 వేలమంది, మరణించిరని 2020లో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. వారిలో నాల్గవ వంతుకంటె ఎక్కువమంది పదునైదేండ్లలోపు పిల్లలు. సగము మరణములు జూను – సెప్టెంబరు నడుమ వానకాలమున జరిగినవి. మనకు పెద్దవానలు ఐప్పసి, కార్తిక మాసములవి. బొరియలలో నీరు చేరినప్పుడు పాము మెట్టకు, మన గడపకు వచ్చును.

కావున మాసమును బట్టి మెలగవలెను. తై మాసపు ఉదయములలో గట్టుమీద నడుచునప్పుడు నేల చూచి నడువవలెను. వేసవిలో పుట్టలకు, ఆకుకుప్పలకు పిల్లలను పోనీయరాదు. వానలలో రాత్రి వెలుపలికి పోవునప్పుడు టార్చిలైటు, చెప్పులు తప్పవు. కట్లపాము రాత్రివేళ నేలమీద పరుండినవారిని కరచును; కాటు నొప్పియు తెలియకపోవచ్చును. పిల్లలను మంచముమీద, దోమతెరలో పరుండబెట్టుడు. తెల్లవారుజామున కడుపునొప్పి యనియు, కనురెప్పలు వాలుచున్నవనియు పిల్లవాడు చెప్పినచో అజీర్ణమని ఊరకుండరాదు.

కాటు పడినచో కోయరాదు, పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు, మంత్రగానికొరకు ఎదురుచూడరాదు. ఉంగరములు, గాజులు తీసి, కరచిన కాలో చేయో కదలకుండ బద్దతో ఆనించి, 108 బండిలో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. పామును వెదకి చంపి తీసికొనిపోనక్కరలేదు. నాలుగింటికిని ఒకే మందు పనిచేయును. తమిళనాడు ప్రభుత్వము 2024 నవంబరులో పాముకాటును తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. ప్రతి కేసును ఆసుపత్రులు లెక్క చూపవలెను.

చలి పోయి ఎండ తిరుగునాటికి పాము తన పనికి సిద్ధమగును. అది తన బ్రదుకు తాను బ్రదుకుటకు, మన బిడ్డ క్షేమముగా బడికి వచ్చుటకు నడుమ కావలసినది కొంచెము తెలివి. ఆ తెలివి బడిలో మొదలై ఇంటిలో నిలువవలెనని తల్లిదండ్రులకు మనవి.

ఇంటియొద్ద పిల్లలను అడుగవలసిన ప్రశ్నలు

1. చలికి ముందు పాముకు మేత ఎందుకు మానిపింతురు?
2. కోడి గ్రుడ్డుకు, పాము గ్రుడ్డుకు పొదుగుటలో భేదమేమి?
3. మన ఊరిలో పాములకు నిజమైన శీతస్తబ్ధత ఎందుకు లేదు?
4. ప్రాణాంతకమైన నాలుగు పాముల పేర్లను తెలుగులోను, తమిళములోను చెప్పుము.
5. పెనవేసుకొని లేచిన రెండు పాములను చూచినచో నీవేమి చేయుదువు?